ఆకుపచ్చకు తిరిగిన నీలి అంచులు

1961 జూన్‌లో నన్ను ప్రభుత్వ అద్దకం విభాగంలో డెమాన్‌స్ట్రేటరుగా బెంగుళూరులో వేశారు. పేరు గంభీరంగా ఉన్నా హోదా చిన్నదే. పైన సూపరింటెండెంటు, కింద ఎవరూ లేరు. చుట్టుపక్కల నేతవాళ్లకు వ్యాట్ రంగులు వెయ్యడం నేర్పించాలి. నా వంతుకు ఆనేకల్ అనే ఊరు వచ్చింది.

వ్యాట్ రంగు నీళ్లలో కరగదు. కరగనిది నూలుకు ఎక్కదు. అందుకని తొట్టిలో కాస్టిక్ సోడాతో పాటు హైడ్రోసల్ఫైట్ అనే తెల్లటి పొడి వేసి దాన్ని కరిగే రూపానికి తెస్తాం. ఆ పొడిని అందరం హైడ్రోస్ అనేవాళ్లం. అది చేసే పనినే పుస్తకాల్లో క్షయకరణం అంటారు. నూలు రంగు పీల్చుకున్నాక గాలికి ఆరేస్తే ఆక్సిజన్ తగిలి రంగు మళ్లీ కరగని రూపానికి వచ్చి పోగులోనే ఉండిపోతుంది. ఇది ఆక్సీకరణం. ఇక ఎంత ఉతికినా రంగు పోదని నేను ఊరూరా చెప్పి తిరిగాను. ఆ మాటే చివరికి నా మెడకు చుట్టుకుంది.

ఆనేకల్‌లో నన్ను మొదట నమ్మినవాడు వెంకటరమణప్ప. తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న తెలుగు నేత కుటుంబం వాళ్లది. నా మాట మీద ధైర్యం చేసి, నగరంలోని ఒక ఆసుపత్రి నర్సింగ్ స్కూలుకు యూనిఫారం చీరలు నేసి ఇచ్చాడు. తెల్లటి నూలు చీరకు వేలెడంత నీలి అంచు. కొన్ని నెలలకు ఒక ఉదయం మా ఆఫీసుకు వచ్చి, నా బల్ల మీద ఒక చీర విప్పి పరిచాడు. అంచు ఆకుపచ్చగా ఉంది.

"అన్నీ ఇట్లే అయిండాయి సార్. కల్తీ రంగేసినామని అంటా ఉండారు. మీరు చెప్పిన రంగే కదా వేసింది? ఇంగ మద్రాసు మిల్లు చీరలే తెప్పించుకుంటారంట. మేము ఊర్లో తల ఎత్తుకోని తిరిగేదెట్ల?" అన్నాడు.

ఇద్దరం బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ నర్సింగ్ పాఠాలు చెప్పే సిస్టర్ ట్యూటర్ కరుణమ్మగారిది గుంటూరు. ఆ వారంలోనే విద్యార్థినులు దీపాలు పట్టుకుని ప్రమాణం చేసే వేడుక ఉంది. "ఊళ్లోని పెద్ద డాక్టర్లంతా వస్తున్నారండీ. మా పిల్లల్ని ఈ చీరల్లో ఎలా నిలబెట్టమంటారు?" అని నిలదీశారు.

నేను చీరను వెలుతురులో పెట్టి చూశాను. కల్తీ రంగైతే కారాలి, కారితే తెల్లబట్ట మీద మరక పడాలి. ఇక్కడ తెలుపు తళతళలాడుతోంది. అంటే రంగు పోలేదు, మారింది. వాసన చూస్తే బ్లీచింగ్ పౌడరు. వెంటనే ముగ్గురం లాండ్రీకి నడిచాం.

లాండ్రీ మునియప్ప మమ్మల్ని చూడగానే మెచ్చుకోవడానికే వచ్చామనుకున్నాడు. "పంక్షను కదమ్మా, పిల్లలు మెరిసిపోవాలని పౌడరు దండిగా వేసిండాను. ఎంత తెల్లగా వచ్చిండాయో చూస్తిరా?" అన్నాడు. కరుణమ్మగారు పచ్చబడ్డ అంచును అతని కళ్ల ముందు పట్టారు.

ఆ నీలం ఎండకు, సబ్బుకు, మరిగే నీళ్లకు లొంగదు. బ్లీచింగ్ పౌడరులో ఉండే క్లోరిన్‌కు మాత్రం లొంగుతుంది. బ్లీచింగ్ దాన్ని హద్దు మించి ఆక్సీకరిస్తే పచ్చబడుతుంది. వెనక్కి తేవాలంటే క్షయకరణమే దారి, అంటే మళ్లీ మన హైడ్రోసే. అయితే కాస్టిక్ కలిస్తే రంగు కరిగి తెల్లబట్టకు అంటుకుంటుంది. అప్పుడు కల్తీ అన్న నిందను మా చేతులతో మేమే నిజం చేసినట్టవుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా హైడ్రోస్, చిటికెడు చాకలి సోడా చాలు. కానీ ముందు ఒక చీర మీద చూడాలి.

కరుణమ్మగారు లోపలికి వెళ్లి అలాగే అంచు పచ్చబడిన తన చీర తెచ్చారు. "ముంచండి. పాడైతే నాదే పాడవుతుంది" అన్నారు. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది ఆ క్షణంలోనే.

ఒక కొస మాత్రం ముంచాను. అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు లేచింది. చూస్తూండగానే పచ్చదనం విరిగి నీలం తేలింది. "దేవునికి స్తోత్రం!" అన్నారు కరుణమ్మగారు. వెంకటరమణప్ప మాత్రం, "తడిబట్ట మాట నమ్మేదానికి లేదు సార్, ఆరనీండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది కానీ ఆగక తప్పలేదు. ఆరాక కూడా నీలం నీలంగానే ఉంది. అప్పుడు గానీ అతని మొహంలోకి నెత్తురు రాలేదు. మిగిలిన చీరలన్నీ మునియప్ప తొట్టిలోనే ముంచి తీశాం.

వేడుకకు మమ్మల్నీ పిలిచారు. అందరూ దీపాల వెలుగులో అమ్మాయిల ముఖాలు చూస్తుంటే మేమిద్దరం అంచులు చూస్తూ కూర్చున్నాం. మధ్యలో వెంకటరమణప్ప నా చెవి దగ్గరకు వంగి, "ఆ పచ్చ కూడా భలే ఉండె సార్. అది నిలిచేటట్ల చేసేదానికి అయితాదా?" అన్నాడు. నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించాను. చీరల పని మాత్రం ఆనేకల్‌లోనే నిలిచింది.

కరుణమ్మగారి చీర రెండో కొసను కూడా బాగుచేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. సగం నీలం, సగం పచ్చ అంచుతో దాన్ని అలాగే ఉంచి, లాండ్రీలో కొత్తగా చేరిన ప్రతివాడికీ చూపించేవారు.

రంగు వేసేవాడికి నేర్పితే పని సగమే అయినట్టని నాకు అర్థమైంది. రిటైరయ్యేవరకూ నేను ఏ ఊళ్లో అద్దకం చూపించినా, బట్టలు ఉతికేవాళ్లు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాకే తొట్టి మూత తీసేవాణ్ని.