మరియమ్మత్త చేలో బోడి పట్టె

నేను ఐదో తరగతిలో బడి మానేసిన రోజున మా మాస్టారు పిల్లలందరికీ బెల్లం పంచారట. అక్షరాలకు లొంగని చెయ్యి గింజలకు లొంగింది. 1974 నాటికి ఉయ్యూరు చుట్టుపక్కల చేలల్లో మినుములు చల్లడం నా పని.

మా డెల్టాలో మినుముకు దుక్కి దున్నరు. కార్తీకం వెళ్లేముందు, వరి కోతకు మూడు నాలుగు రోజులుందనగా, నిలబడ్డ చేలోనే తడి మీద గింజ చల్లేస్తాం. ఆఫీసర్లు దీన్ని బ్రాడ్‌కాస్టింగ్ అంటారు. చిక్కేమిటంటే, నడుము లోతు వరిలో గింజ ఎక్కడ పడిందో కనిపించదు. ఏ వరస అయింది, ఏ వరస మిగిలింది అన్నది మనసులోనే పెట్టుకోవాలి. తప్పు జరిగితే కోత అయ్యాకే బయటపడుతుంది, అదీ ఊరంతా చూసేలా.

మరియమ్మ నాకు ఊరి వరసన అత్త. భర్త పోయాక ఎకరం కౌలుకు చేస్తోంది. వడ్లు కౌలుకే పోతాయి. మినుములే ఆమెకు మిగిలేది. ఆ ఏడు ఆమె చేలో చల్లే రోజున, ఆమె గట్టు మీద ఉంటే, నేను చల్లుతూ నా పెళ్లిచూపుల కథ ఎత్తుకున్నాను.

"పిల్ల నన్ను చూసి వంటింట్లోకి పారిపోయిందత్తా. వాళ్ల నాన్న వెనకే వెళ్లాడు."

"తీసుకొచ్చాడా?"

"లేదు. ఆయన కూడా లోపలే ఉండి గడియ పెట్టుకున్నాడు."

అత్త కడుపు పట్టుకుని గట్టు మీద కూలబడింది. ఆమె నవ్వు చూస్తూ చేను చివర వెనక్కి తిరిగాను. ఏ వరసలోకి తిరిగానో చూసుకోలేదు.

కోతయింది. పనలు ఎత్తాక అత్త కబురంపింది. వెళ్లి చూస్తే రెండు పక్కలా పచ్చటి మొలక; మధ్యలో చేను పొడుగునా, చాప వెడల్పున, ఒక్క మొక్క లేదు.

"ఇక్కడేనా గడియ పెట్టుకుంది?" అంది. ఈసారి నవ్వలేదు.

"విత్తనం పుచ్చిందేమో అత్తా."

"అటు పక్కా అదే సంచి, ఇటు పక్కా అదే సంచి."

నేల ఆరిపోతోంది. ఇంకో రెండు రోజులు పోతే గింజ వేసినా మొలవదు. ఇంట్లో నా విత్తనం కొంత ఉంటే తెచ్చి, కర్రతో గుంట పొడిచి రెండేసి గింజలు వేసి, కాలితో మట్టి కప్పుతూ పొద్దుగూకేదాకా వంగే ఉన్నాను. చాలావరకు మొలిచాయి. కాకపోతే ఆలస్యంగా కాశాయి. ఆ పట్టెను ఆమె విడిగా మరోసారి పీకుకోవాల్సి వచ్చింది.

చల్లేవాడి నోరు ఆడితే చెయ్యి దారి తప్పుతుందని ఆ పట్టె నేర్పింది. మరుసటేడు ఆమె చేలో పెదవి విప్పకుండా చల్లి, గట్టెక్కి గొప్పగా అన్నాను:

"చూశావా అత్తా, ఈసారి ఒక్క గింజ అటూ ఇటూ పోలేదు."

"మొలవనియ్యి అల్లుడూ, అప్పుడు చెబుదువుగాని."