మోసిడి గారి కంపెనీ

మోసిడి ప్రిటోరియా శివార్లలోని మమెలోడీ అనే పేదల పేటలో ఒకరి పెరట్లోని రేకుల గదిలో ఉండేది. వాన పడితే మంచం ఏ మూలకి జరపాలో ఆమెకి తెలుసు, గాలివాన అయితే ఏ మూలా పనికిరాదనీ తెలుసు. తెల్లారకముందే ట్యాక్సీలో పది మందితో ఇరుక్కుని ప్రిటోరియా చేరి, స్నేమన్ దొర క్యాటరింగ్ కంపెనీలో టీ కాచేది, మగ్విన్యాలనే పిండి బోండాలు వేయించేది, వాటిని సర్కారు ఆఫీసులకి మోసుకెళ్ళి అందించేది. ఆ కంపెనీలో సగానికి పైగా వాటా కూడా ఆమెదే. ఈ మాట నమ్మడం కొంచెం కష్టమే గానీ, ప్రభుత్వం నమ్మింది. ప్రభుత్వమే నమ్మాక కాదనడానికి మనమెవరం?

ఆమెకి ఈ ఐశ్వర్యం పట్టింది ఒక డిసెంబరు నెలలో. ఏటా క్రిస్మస్ సెలవులకి ముందు దొర పనివాళ్ళకి ఒక్కో బుట్ట ఇచ్చేవాడు. మొక్కజొన్న పిండి, చక్కెర, డబ్బా చేపలు, గడ్డకట్టిన కోడి. సంతకం పెట్టి బుట్ట తీసుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడు మోసిడి చేత ఇంకో రెండు మూడు సంతకాలు ఎక్కువ పెట్టించారు. కోడి కూడా ఆ ఏడు కాస్త పెద్దదే వచ్చింది కాబట్టి ఆమె పట్టించుకోలేదు. ఆ సంతకాలతో దొర కంపెనీ కాస్తా నల్లజాతి మహిళ చేతిలోని సంస్థ అయిపోయింది. అలాంటి సంస్థలకే సర్కారు పనులు ముందు ఇవ్వాలని చట్టం. చట్టం చేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. దొర ఉద్దేశం కూడా మంచిదే, తన వరకు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు చూడండి, మోసిడి సంగతి అచ్చం అదే. ఆ పేరైనా తనకుందని ఆమెకి తెలియదు, అదొక్కటే తేడా.

తెలిసింది ఇంటి దగ్గర. పేదలకి ప్రభుత్వం కట్టించి ఇచ్చే ఇళ్ళ కోసం, కూతురు కడుపులో ఉండగా ఆమె పేరు రాయించుకుంది. ఆ కూతురికే ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఇన్నాళ్ళకి వంతు వచ్చిందని కబురొస్తే, ఆదివారం చర్చికి వేసుకునే గౌను వేసుకుని ఇళ్ళ ఆఫీసుకి వెళ్ళింది. కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి కంప్యూటర్‌లోకి చూసి, మోసిడి వైపు చూసి, మళ్ళీ కంప్యూటర్‌లోకి చూసింది.

"కంపెనీ ఓనరువి. పేదోళ్ళ ఇంటికోసం రావడానికి మనసెలా ఒప్పిందమ్మా?" అంది.

వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా పెదవి విరిచారు. మోసిడికి తల కొట్టేసినట్టయింది. చెయ్యని దొంగతనానికి దొరికిపోయినట్టు, అరచేత్తో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చింది.

దొరని అడిగింది. ఆయన చాలా బాధపడ్డాడు. కంపెనీ అంటే ఒక కుటుంబం అన్నాడు. ఆమె పేరు తీసేస్తే సర్కారు పని పోతుందనీ, పని పోతే అరవై మంది రోడ్డున పడతారనీ, వాళ్ళలో మొదటిది ఆమే అవుతుందనీ చాలా ప్రేమగా చెప్పాడు.

ఇంక మిగిలింది సర్కారే. కంపెనీల రిజిస్ట్రీ, సాధికారత తనిఖీ ఆఫీసు, రెండూ ఒకే ఆవరణలో ఎదురుబొదురుగా ఉండేవి. రెండింటికీ టీ ఇచ్చేది మోసిడే. రిజిస్ట్రీలో టీ కప్పు పెట్టి తన గోడు చెప్పుకుంటే, తాము పేర్లు రాసుకుంటాం తప్ప ఆ వాటా నిజమైనదో కాదో చూడడం తమ పని కాదనీ, అది ఎదురింటివాళ్ళు చూస్తారనీ చెప్పారు. ఎదురింట్లో చెప్పుకుంటే, నిజమో కాదో తాము చూడగలం గానీ పేరు కొట్టేసే అధికారం అవతలివాళ్ళదన్నారు. ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరూ టీ బాగుందన్నారు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకునే చోటు లేదు. అలా ఆ ఆవరణలో ఆమె తిరిగిన తిరుగుళ్ళకి చెప్పులరిగాయి గానీ పేరు చెరగలేదు.

అలాంటి రోజుల్లో ఆ రెండు ఆఫీసులకీ జ్ఞానోదయమైంది. ఇకమీదట కలిసి పనిచేస్తామనీ, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెబుతామనీ ఒప్పందం రాసుకున్నారు. మధ్యలో ఉన్నది ఒక పూలమడి. దాన్ని దాటడానికి ఏడాదిన్నర చర్చలు జరిగాయి, కేప్‌టౌన్‌లో సముద్రం పక్కన రెండు సదస్సులు కూడా జరిగాయి. సంతకాల సభకి నిజమైన మహిళా యజమాని ఒకరు వేదిక మీద ఉంటే బాగుంటుందని ఎవరికో తోచింది. టీలు సరఫరా చేసే సంస్థే ఉండగా ఎక్కడో వెతకడమెందుకు?

దొర తన భార్య కోటు ఒకటి తెచ్చి మోసిడికిచ్చాడు. వేదిక మీద కోటు, నవ్వు. దిగాక వంటగదిలో ఏప్రన్, టీ. ఏది ముందో ఏది వెనకో మర్చిపోవద్దని మరీ మరీ చెప్పాడు.

మోసిడి మర్చిపోలేదు. రాత్రంతా ఆలోచించుకునే వచ్చింది. రెండు ఆఫీసుల పెద్దలూ ఒకే బల్ల దగ్గరుంటారు, కాబట్టి అవతలికి వెళ్ళమని ఎవరూ అనలేరు. అయితే తాను చెబితే నమ్ముతారా? దొర మాటకారి, నవ్వించి కొట్టిపారేస్తాడు. అందుకే చెప్పడం కాదు, చూపించాలనుకుంది. స్నేమన్ దొర తన టీ తాను ఎప్పుడూ పోసుకోలేదు. అలాంటివాడిని టీ పొయ్యమంటే కస్సుమంటాడు, కసిరికొడతాడు. అప్పుడు యజమాని ఎవరో రెండు ఆఫీసులూ కళ్ళారా చూస్తాయి.

మైకు చేతికిచ్చారు. మోసిడి లేచి నిలబడింది.

"ఈ కంపెనీ నాదే అంటున్నారు కదండీ. అయితే ఇవాళ నేను కూర్చుంటాను. స్నేమన్ గారు అందరికీ టీ పోస్తారు."

దొర మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, మోసిడికి తన ఇంటి తలుపు కనబడింది. అంతలో దొర చిరునవ్వు నవ్వాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, కెటిల్ అందుకుని, రిజిస్ట్రీ పెద్దాయన దగ్గర మొదలుపెట్టి చివరి వరస దాకా వంగి వంగి టీ పోశాడు. చక్కెర ఎంత అని కూడా అడిగాడు. కాంట్రాక్టు నిలబడుతుందంటే ఆయన కప్పులు కూడా కడిగేవాడే. ఆయన్ని మోసిడి తక్కువ అంచనా వేసింది.

చప్పట్లు మోగిపోయాయి. సాధికారత పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి యజమానురాలిని చూడలేదంది.

ఆ తర్వాత రెండు ఆఫీసులూ ఎంత వేగంగా కలిసి పనిచేశాయో చెప్పలేం. మోసిడి కంపెనీ మీద విచారణ జరిపి, పెత్తనమంతా ఆమెదేనని, అందుకు తామే ప్రత్యక్ష సాక్షులమని, ఇద్దరూ కలిసి తేల్చేశారు. ఒప్పందం కింద తేలిన మొదటి కేసు అదే. ఆ సంగతి ఇళ్ళ ఆఫీసుకి కూడా చేరవేశారు, సహకారమంటే సహకారమే కదా. ఇళ్ళ ఆఫీసు ఆమె పేరు శాశ్వతంగా కొట్టేసింది.

మోసిడి ఏడ్చింది. రేకుల గదిలో మంచం మీద కూర్చుని, పక్క గదివాళ్ళు వింటారన్న బిడియం కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు అయిపోయాక కోపమొచ్చింది. ఆ కోపం పోలేదు.

సోమవారం దొర తన గదిలోకి వచ్చేసరికి ఆయన కుర్చీలో మోసిడి ఉంది.

"ఏంటిది మోసిడీ? లే, లే. ఆటలాడే టైమా ఇది?"

"కూర్చోండి స్నేమన్ గారూ, ఆ స్టూలుంది" అంది. ఆమె ఆయన్ని దొరా అనకుండా పేరుతో పిలవడం అదే మొదలు.

"నీకేమైనా మతిపోయిందా? ఈ కంపెనీ ఎవరిదో నీకు తెలుసు, నాకు తెలుసు."

"నాకైతే తెలీదండీ. నాది కాదని మీరొక్క ముక్క చెప్పండి. రిజిస్ట్రీ పెద్దాయన్నీ, ఎదురింటావిణ్ణీ పిలిపిస్తాను, వాళ్ళ ముందర చెప్పండి. లేచి వెళ్ళిపోతాను."

దొర నోరు తెరిచాడు. ఆ ముక్క చెబితే ఇన్నేళ్ళ మోసం ఒప్పుకున్నట్టు, మోసం ఒప్పుకుంటే జైలు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు.

"మీరుంటున్న ఇల్లు ఎవరి పేరునుందండీ?" అని అడిగింది మోసిడి. పన్ను తప్పించుకోవడానికి ఆ ఇంటిని ఎలా రాయించాడో, ఆ ఇంట్లో శనివారాలు నేల తుడిచే మోసిడి వినదనుకుని, విందుల్లో స్నేహితులకి ఆయన ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు.



"కంపెనీ పేరున" అన్నాడు దొర.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యండి. కుక్కల్ని మాత్రం తీసుకుపోండి. నన్ను చూస్తే మొరుగుతాయవి" అంది మోసిడి.