గోడల్లేని గేటు

నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతుంటాయి. ఏడో తరగతితో ఆగినదాన్ని, మీరే సర్దుకుని చదవండి.

తార్నాకలో మా మేడం పోయి పన్నెండు రోజులైంది. పొద్దున నేను వంటకు వెళ్లేసరికి పక్కింటి అమ్మ వాకిట్లోనే ఆపి, "జర కూసో బిడ్డా, తర్వాత లోపలికి పోదువు" అంది. నిద్రలోనే పోయారట. ఇప్పుడు ఆమె విద్యార్థులు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. అది అమ్మితే వచ్చే డబ్బు ఆమె కట్టాలనుకున్న స్వీడిష్ భాషా క్యాంపుకు పోతుంది. "నువ్వు గూడ రాయాలె అక్కా" అన్నారు. ఇంతవరకు నేను రాసినవన్నీ చీటీలే, అవి కూడా కాలిపోయాయి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మేడం ఇక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌లో విదేశీ భాషలు చెప్పి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు స్వీడన్‌లో కొన్నేళ్లు చదువుకున్నారు. నేను పెళ్లై మాణికేశ్వర్ నగర్‌కు వచ్చిన కొత్తలో దుకాణంలో నోరు తెరిచి అడగలేక వస్తువు వైపు వేలు చూపించేదాన్ని. మా ఆయన హాస్టల్ మెస్‌లో పని చేస్తాడు. ఆయనే నన్ను మేడం ఇంట్లో వంటకు కుదిర్చాడు. మొదటి రోజే ఆమె, "వంటింట్ల నేను స్వీడిష్‌లనే మాట్లాడుత. ఏండ్ల అలవాటు. నువ్వు జవాబు ఇయ్యకున్నా నడుస్తది" అన్నారు.

జవాబు ఇవ్వనక్కర్లేని ఇల్లు! నాకు అంతకన్నా ఏం కావాలి? ఆమె పప్పుతో, పాలగిన్నెతో మాట్లాడుతుంటే నేను వింటూ ఉల్లిగడ్డలు కోసేదాన్ని. కొన్ని నెలలకు ఒకరోజు ఆమె ఆ భాషలోనే గరిటె ఇమ్మని అడిగారు. ఇచ్చేశాక గానీ నాకు అర్థమైందని నాకే తెలియలేదు. ఆ రోజు నుంచి ఒకటే ఆరాటం. దీన్ని ఏమంటారు, దాన్ని ఏమంటారు? అక్కడివాళ్లు కూడా చెప్పులు బయటే విడుస్తారట. ప్రతిదానికీ "టాక్" అంటారట, అంటే థ్యాంక్స్. ఇంట్లోవాళ్లకు కూడానా అని అడిగాను. కూడానట. బన్నుల్లో యాలకులు వేస్తారట. మంచు కురిసే దేశానికి యాలకులు ఎట్లా పోయాయి మేడం అంటే, "నేను గూడ గదే సోంచాయిస్తున్న, నలభై ఏండ్ల సంది" అని నవ్వారు. తెలియనిది ఏదైనా ఎదురైతే ఆమె మొహం వెలిగేది.

"గీ భాష ఈడ ఎవరికి పనికొస్తది మేడం?" అని అందరూ అడిగేవాళ్లు. "రాకముందే ఎట్ల తెలుస్తది?" అనేవారు ఆమె.

ఆమె కోరిక ఒకటే. ఊరి చివర కొంచెం జాగా, నాలుగు గదులు, ఒక పెద్ద వంటిల్లు. హాస్టళ్లలో ఉండే పిల్లలు, బస్తీల పిల్లలు కొన్ని రోజులు అక్కడే ఉండాలి. గేటు దాటితే స్వీడిష్ తప్ప ఇంకో మాట ఉండకూడదు. "పుస్తకంల చదివితే పరీక్ష పాసైతరు. ఆకలైనప్పుడు అన్నం అడిగితేనే భాష వస్తది" అనేవారు.

చందాలు వసూలు చేయడం మొదలుపెట్టాక ఆమె మొట్టమొదట కొన్నది గేటు. మెట్టుగూడ దగ్గర పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికింది, ఆకుపచ్చ రంగు సగం ఊడిపోయి. దాన్ని ఇంటి ముందున్న ఖాళీలో రెండు రాతి కడీలు పాతించి నిలబెట్టారు. అటూ ఇటూ గోడ లేదు. మా ఆయన చూసి, "జాగ లేదు, గోడ లేదు, గేటు కొన్నరా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. "క్యాంపంటె గేటే నాయనా. మిగతాదంత వసతి" అన్నారు మేడం. పాలాయన మాత్రం రోజూ గేటు పక్క నుంచి చుట్టూ తిరిగి వచ్చేవాడు. "నాకు ఇంగ్లీషే రాదు తల్లీ, గిదెక్కడ!" అనేవాడు.

ఆ గేటుకు ఒక పాత చాయపత్తి డబ్బా కట్టారు. లోపల ఉన్నప్పుడు ఆ భాషలో చెప్పలేక మనసులో ఏదైనా ఉండిపోతే, తెలుగులో చీటీ రాసి అందులో వేయాలి. సాయంత్రం పెరట్లో నీళ్లు కాగే పొయ్యిలో, విప్పకుండా, ఆమే వేసేవారు. "లోపల పెట్టుకుంటే అరగదు. ఎవరన్న చదివితే సిగ్గు. గందుకే కాలుస్త" అనేవారు.

మొన్న ఎండాకాలం ఎనిమిది మంది పిల్లలతో పది రోజులు ఆ ఇంట్లోనే క్యాంపు నడిపి చూశాం. క్యాంపు డబ్బుల కోసం ప్రతి ఆదివారం పొద్దున క్యాంపస్‌లో, వాకింగ్‌కు వచ్చేవాళ్ల దారిలో బల్ల వేసి, యాలకుల బన్నులు, కాఫీ అమ్మేవాళ్లం. ఆ భాషలో అడిగితేనే బన్ను. ఎట్లా అడగాలో అట్ట మీద రాసి పెట్టాం. బల్ల వెనక నేను కూడా తెలుగు మాట్లాడకూడదు. విచిత్రం, అక్కడ నాకు సిగ్గు వేసేది కాదు. ఆ భాషలో నన్ను ఎవరూ ఎప్పుడూ ఒక మాట అనలేదు కదా, అందుకేనేమో.

రైల్వేలో రిటైరైన మెట్టుగూడ పెద్దాయన ఒకరు, "ఏందమ్మా, పైసలిచ్చినా బన్ను ఇయ్యవా? గిదేం దుకాణం?" అని గొడవ పడ్డారు. నేను అట్ట వైపు చూపించాను. చివరికి అట్ట చూసి "ఎన్ బుల్లె, టాక్" అన్నారు, అంటే ఒక బన్ను, థ్యాంక్స్ అని. మరుసటి వారం భార్యను కూడా తీసుకొచ్చారు. ఆమె బన్ను కొరుకుతూ, "పెండ్లైన కాడి నుంచి నాకు ఒక్కపారి థ్యాంక్స్ అన్లె. గీ పిల్లకు అంటుండు సూడు" అంది.

"నువ్వు గూడ గసుంటి బన్నులు చెయ్యి, అంట" అన్నారాయన.

క్యాంపు అయిన తర్వాతి ఆదివారం, ఆ పది రోజుల సంగతి విని ఒక సార్ వచ్చారు. ఒకప్పుడు ఈ క్యాంపస్‌లోనే చదివారట. ఊరి చివర ఆయనకు జాగా ఉంది. నేనూ మేడం మాట్లాడుకోవడం నిలబడి విన్నారు. ఏం చదివావని నన్ను అడిగితే వేళ్లతో ఏడు చూపించాను. నాచేత ఇంకొంచెం మాట్లాడించమని మేడంను అడిగారు. మేడం మా ఊరి గురించి అడిగారు. చుట్టూ పదిహేను మంది. నేను మా అమ్మ గురించి, మా బర్రె గురించి, వానాకాలం మా ఇల్లు కురవడం గురించి ఆ భాషలో చెప్పాను. అంతమంది ముందు నోరు విప్పడం పుట్టాక అదే మొదటిసారి. ఎవరో చప్పట్లు కొట్టారు.

"పది రోజుల క్యాంపుకే గిట్లనా మేడం? అయితే జాగ నేనిస్త, గదులు గూడ ఏపిస్త" అన్నారు సార్.

మేడం ఊరుకుంటే సరిపోయేది. ఆమె బల్ల వెనక నుంచి ముందుకు వచ్చి తెలుగులో, "పది రోజులు కాదు బాబూ. ఈమె మూడేండ్ల సంది నా వంటింట్ల ఉన్నది. పది రోజులల్ల పిల్లలకు వచ్చింది అన్నం, నీళ్లు అడుగుడే" అన్నారు.

సార్ మొహం మారింది. "చూద్దాం మేడం" అని కాఫీ సగంలోనే పెట్టి వెళ్లారు. మళ్లీ రాలేదు.

నాకు ఏడుపొచ్చింది. జాగా పోయినందుకు కాదు, నా చప్పట్లు పోయినందుకు. రెండు రోజులు వంటింట్లో ఏ భాషలోనూ మాట్లాడలేదు. మూడో రోజు చీటీ రాశాను, "నన్ను వంటమనిషి అని అందరి ముందట చెప్పినారు" అని. సాయంత్రం ఆమె దాన్ని మడత కూడా విప్పకుండా నా కళ్ల ముందే పొయ్యిలో వేశారు. కాగితం నల్లబడి ముడుచుకునే దాకా చూశారు. తర్వాత నా చేయి పట్టుకుని గేటు బయటికి తీసుకొచ్చారు, అక్కడైతే తెలుగు మాట్లాడొచ్చని.

"నీ మూడేండ్లను పది రోజులని చెప్పి అమ్ముకోమంటవా బిడ్డా? గవి నీయి. జాగ ఇంకోటి దొరుకుతది" అన్నారు.

చీటీ చదవకుండానే ఆమెకు ఎట్లా తెలిసిందో నేను అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగాలని ఉంది.

ఆమె పోయిన రోజు రోడ్డంతా మనుషులు. అక్కడ అందరూ మాట్లాడుకుంటున్నారు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఎవరి నోరు వాళ్లు మూసుకుంటున్నారు. పక్కనంతా ఖాళీయే, చుట్టూ తిరిగి రావచ్చు. ఎవరూ రాలేదు. పాలాయన కూడా ఆ రోజు గేటులోంచే వచ్చాడు. మెట్టుగూడ పెద్దాయన చెప్పులు విడిచి, తనకు వచ్చిన నాలుగు మాటల్లో ఏది సరిపోతుందో కాసేపు వెతుక్కున్నారు. చివరికి ఆమె కాళ్ల దగ్గర నిలబడి "టాక్" అన్నారు. ఆయన భార్య ఆయన చేయి పట్టుకుంది.

క్యాంపు ఇంకా కట్టలేదు. పోయిన ఆదివారం బల్ల నేనే వేశాను. ఒకావిడ నా మాటలు విని, ఎన్ని రోజుల్లో వచ్చిందని అడిగింది. నేను బల్ల వెనక నుంచి ముందుకు వచ్చి, తెలుగులో, మూడేండ్లు పట్టిందని చెప్పాను. వంటింట్లో నేర్చుకున్నానని కూడా చెప్పాను. జాగా ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే రండి. గేటు మాత్రం ఉంది.

ఇదంతా గేటు బయట కూర్చుని రాశాను. పుస్తకం వేసే పిల్లలకు ఒక్క మాట. అచ్చుకు ఎక్కించుకున్నాక నా కాగితాలు దాచుకోవద్దు. డబ్బా ఇంకా గేటుకే ఉంది, గాలికి కొట్టుకుంటోంది. మడిచి అందులో వేయండి. సాయంత్రం పొయ్యి నేను వెలిగిస్తాను. కాల్చేసి, నల్లబడి ముడుచుకునే దాకా నిలబడి చూసి వెళ్లండి.