ఎర్ర గీత డబ్బా

కుర్చీలకూ బల్లలకూ పాలిష్ పెట్టి బతికే అతను, ఆ మీటింగు గదిని వెతుక్కుంటూ మొదటిసారి వెళ్లినప్పుడు మెట్లు తప్పి ఎక్కాడు. చిరునామా తెచ్చింది భార్య, ఆరోగ్యకేంద్రం గోడకు అంటించిన కాగితం చూసి. "తాగుడు మానినవాళ్లూ మానాలనుకునేవాళ్లూ కలుస్తారట. ఆదివారం పదింటికి, పుస్తకాల కొట్టు మీద. వెళ్తారో లేదో మీ ఇష్టం. సాయంత్రం మాత్రం అడుగుతాను" అంది. కొట్టుకు రెండు పక్కలా మెట్లున్నాయి. మహానుభావుడు ఎడమ పక్క ఎక్కి, కుట్టు నేర్పే క్లాసులో అరగంట కూర్చున్నాడు. చుట్టూ ఆడవాళ్లే కనబడేసరికి, పాపం వీళ్లలోనూ ఇంతమంది ఉన్నారా అని జాలిపడ్డాడు కూడా. కాలరు కత్తిరించడం మొదలయ్యాక గానీ బుర్ర వెలగలేదు. అప్పుడే ఇంటిదారి పట్టినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

కుడి పక్క మెట్లు పద్దెనిమిది. పైన మూడు కిటికీల గది, ఓ బీరువా, పొడవాటి బల్ల, దాని చుట్టూ పదిమంది. అక్కడ ఎవరి పేరూ ఎవరూ అడగరు, చేసే పనితోనే పిలుస్తారు. ఇతను 'పాలిష్' అయ్యాడు. గది తాళం చెవి ఉంచుకునే ఆయన్ను మాత్రం పెద్దాయన అంటారు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, మానేసి పదకొండేళ్లు.

"జన్మంతా మానాలని కూర్చోకు నాయనా, గుండె జారిపోతుంది. మధ్యాహ్నం అన్నం తినేదాకా ఆగు. తిన్నాక నాకు ఫోన్ చెయ్" అన్నాడు పెద్దాయన ఆ మొదటి రోజే.

పాలిష్ రోజూ ఫోన్ చేశాడు. పనిచోట వాసన మహా చెడ్డది, అచ్చం సారా వాసనే. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డతో చెక్కకు పట్టించడమే అతని పని, పొద్దస్తమానం చేతులు అందులోనే. కానీ ఆ స్పిరిట్ డబ్బా జోలికి షెడ్డులో ఎంత తాగుబోతైనా పోడు. అది విషమని అందరికీ తెలుసు. డబ్బా మెడ చుట్టూ ఎర్ర రంగు గీత ఉంటుంది, వేరే రాత అక్కర్లేదు. పాలిష్‌కు పని నేర్పిన మేస్త్రీ ఒకసారి ఆగలేక తాగాడు. ప్రాణం దక్కింది, కళ్లు పోయాయి. భార్య చేయి పట్టుకుని "ఇక్కడ గడప, ఇక్కడ గడప" అంటూ ఆయన్ను షెడ్డుకు తీసుకొచ్చిన రోజు పాలిష్ మరిచిపోలేదు.

ఏడు నెలలు గడిచాయి. చేతుల వణుకు తగ్గింది. భార్య సాయంత్రాలు అడగడం మానేసింది. ఆ గది రుణం తీర్చుకోవాలని పాలిష్‌కు బుద్ధి పుట్టింది. టీ గ్లాసుల మరకలు పడి తెల్లబడిన ఆ బల్లను చూస్తే అతని చేతులు ఊరుకునేవి కావు. ఒక ఆదివారం మీటింగయ్యాక లక్క, గుడ్డలు, ఎర్ర గీత డబ్బా తెచ్చి పనిలోకి దిగాడు.

అందరూ వెళ్లినా పెద్దాయన వెళ్లలేదు. పదిరోజుల కిందటే తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. ఆ సంగతి తెలిసీ పాలిష్ పలకరించలేదు. ఏమనాలో తోచలేదు. కిటికీ తెరవబోతే పెద్దాయన వద్దన్నాడు.

"చాలా ఏళ్లయింది ఈ వాసన పీల్చి" అన్నాడు. డబ్బా వైపు చూపించి, "దీనికీ దానికీ తేడా ఏంటి?" అని అడిగాడు.

పాలిష్ గుడ్డ ఆపకుండానే నవ్వాడు. "తేడా ఏముంది పెద్దాయనా? ఇది బల్ల తాగుతుంది, అది మనం తాగేవాళ్లం."

పెద్దాయన నవ్వలేదు. పాలిష్ తలెత్తి చూడనూ లేదు.

రెండో పూత వచ్చే ఆదివారానికి మిగిలింది. డబ్బా ఇంటికి తీసుకెళ్లడానికి పాలిష్‌కు భయం వేసింది. తన మీద తనకు ఇంకా అంత నమ్మకం కుదరలేదు. అందుకని తనకు తెలిసినంతలో అన్నిటికన్నా భద్రమైన చోట పెట్టాడు. మానినవాళ్లు తప్ప ఎవరూ రాని గదిలో, బీరువా వెనక. తాళం పెద్దాయన వేశాడు. ఆ వారం మధ్యాహ్నాలు ఎప్పటిలాగే ఫోన్ చేశాడు పాలిష్. శుక్రవారం ఎత్తలేదు. శనివారమూ ఎత్తలేదు.

ఆదివారం తొమ్మిదిన్నరకే వెళ్లాడు. తలుపు తీసే ఉంది. పెద్దాయన తన కుర్చీలో, అరచేతులు బల్ల మీద ఆనించి కూర్చున్నాడు.

"ఎవరూ?"

"నేనే పెద్దాయనా, పాలిష్‌ని."

"వచ్చావా. ఆ కిటికీలు కాస్త తియ్యి నాయనా. పొద్దున్నుంచీ మంచు పట్టినట్టుంది."

మూడు కిటికీలూ తెరిచే ఉన్నాయి. బల్లకు పట్టిన కొత్త పూత మీద ఎండపడి పాలిష్ కళ్లే చెదురుతున్నాయి. డబ్బా బల్ల కింద, పెద్దాయన కాళ్ల దగ్గరుంది. పాలిష్ దాన్ని ఎత్తి చూశాడు. సగం ఖాళీ. ఎర్ర గీత అంటే ఏమిటో ఈ గదిలో ఎవరికీ చెప్పలేదని అప్పుడు తట్టింది.

"ఎప్పుడు తాగారు?"

"నిన్న మధ్యాహ్నం. అన్నం దాకా ఆగలేకపోయాను." పెద్దాయన ముఖం గొంతు వినబడిన వైపు కాక గోడవైపు తిరిగి ఉంది. "రెండూ ఒకటేనన్నావు కదా."

పాలిష్ డబ్బా కింద పెట్టాడు. పెద్దాయన చెయ్యి తన భుజం మీద వేసుకుని లేపాడు. ఆటో స్టాండు సందు చివర ఉంది, ఆసుపత్రి ఇంకా అవతల. మెట్ల దగ్గర పెద్దాయన కాలు గాల్లో తడుముకుంది.

"ఇక్కడ మెట్టు" అన్నాడు పాలిష్. మళ్లీ ఒకటి దిగి, మళ్లీ అదే అన్నాడు. ఇంకా పదహారు మిగిలాయి.