నార్వే పంపకాలు

ఇప్పుడంటే అమెరికాలో మా మోరిస్‌విల్‌లో వీధికో తెలుగు కుటుంబం, రుబ్బిన దోసెల పిండి దొరికే కొట్లూ ఉన్నాయి గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆస్తల్లా ఒక అద్దె అపార్ట్‌మెంట్, అందులో ఒక కుక్కరు, ఆ కుక్కరు కోసం ఆకలితో ఎదురుచూసే నేనూ, చీకటయ్యా. చీకటయ్య అసలు పేరు కాదు. మండువేసవిలో కూడా నల్లచొక్కా తొడుక్కుని, నల్లకారు నడుపుతూ, చావు గురించీ మంచు గురించీ పాటలు వినే వరంగల్ కుర్రాడికి, తెనాలివాణ్ణయిన నేను ప్రేమతో పెట్టిన పేరది. వాడు నన్ను 'మామా' అనేవాడు, నేనూ వాణ్ణి 'మామా' అనేవాణ్ణి. (ఇద్దరూ మామలే అయితే అల్లుడెవరని అడక్కండి, ఆ వయసులో అలాంటి లెక్కలుండవు.)

వాడి కారులో ఒక సీడీ ఇరుక్కుపోయింది. స్క్రూడ్రైవర్‌తో పొడిచినా, మంచిమాటలు చెప్పినా బయటికి రాలేదు. అది నార్వేవాళ్ళ బ్యాండ్. ఆఫీస్‌కి వెళ్ళేటప్పుడూ అదే, వచ్చేటప్పుడూ అదే. ముందు గిటార్లు రోడ్డు రోలరులా నింపాదిగా కదులుతాయి. అంతలో ఒక మగమనిషి గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టు గర్జిస్తాడు. మనం అదిరిపడి తేరుకునేలోపు ఒకావిడ పాట అందుకుంటుంది, ఆ గొంతు వింటే ఎంత మొండి మేనేజరైనా అడక్కుండానే సెలవు ఇచ్చేస్తాడు. "ఈయనకి ఒంట్లో బాగాలేదా మామా?" అన్నాను మొదటిరోజు. "దాన్ని గ్రోల్ అంటరు మామా. ఆయన చీకటి, ఆమె వెలుతురు. ఇద్దరుంటెనే పాట" అన్నాడు వాడు, స్థలపురాణం చెప్పే పూజారిలా. ఆ పురాణం నాకూ క్రమంగా కంఠస్థమైంది. సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో, బళ్ళో చదువుకునే స్నేహితులు కలిసి పెట్టారట. పడవలు దాచే షెడ్‌లో వాయించేవాళ్ళట. చర్చిలో పాడుకునే ఆవిడ ఒక్క పాటకి గొంతు అరువివ్వడానికి వచ్చి అక్కడే ఉండిపోయిందట. రెండో ఆల్బమ్‌కి వయొలిన్ తోడైందట, మూడోదానికల్లా డ్రమ్మరు పెళ్ళి చేసుకుని తప్పుకున్నాడట. చలికాలం సూర్యుడు సరిగా కనపడడట. ("ఎండ తగలకపోతే ఎవరైనా ఇలాగే పాడతారు, పాపం" అన్నందుకు వాడు ఆ వారమంతా నాకు వాళ్ళమ్మ పంపిన పచ్చడి వెయ్యలేదు.) ఏడాది తిరిగేసరికి గిన్నెలు కడుగుతూ నేను గర్జించడం, హాల్లోంచి వాడు సన్నగొంతుతో ఆవిడ వరస అందుకోవడం మా దినచర్య అయిపోయింది. కింది ఇంటి అమెరికన్ ముసలాయన ఒకసారి తలుపు కొట్టి, అంబులెన్స్ పిలవమంటారా అని అడిగి వెళ్ళాడు.

రాష్ట్రం విడిపోవాలా, కలిసుండాలా అని మా స్నేహితులందరూ బిర్యానీ ప్లేట్లు చేతిలో పట్టుకుని అరుచుకుంటుంటే, మేమిద్దరం ఒకరికొకరం పెరుగుపచ్చడి వడ్డించుకుంటూ చోద్యం చూసేవాళ్ళం. అంత నిగ్రహం ఉన్నవాళ్ళం నార్వే దగ్గర బోల్తాపడ్డాం. ఒక శనివారం పొద్దున నేను పప్పులోకి పోపు వేస్తుంటే, కంప్యూటర్ ముందు కూచున్న చీకటయ్య కెవ్వుమన్నాడు. బ్యాండూ ఆవిడా సామరస్యంగా విడిపోతున్నారని వాళ్ళ వెబ్‌సైట్‌లో పెట్టారట. "సామరస్యం లేదు, ఏం లేదు. ఆమెని ఎల్లగొట్టిండ్రు మామా!" అన్నాడు. నేను ఊరుకుంటే సరిపోయేది. కానీ మా నాన్నా పెదనాన్నా వేరుపడ్డప్పుడు గోడపక్క నుంచుని పంచాయితీ విన్న అనుభవం ఊరుకోనిస్తుందా? "రెండువైపులా వినాలి మామా. ఇల్లు కట్టింది వాళ్ళు, మధ్యలో వచ్చింది ఆవిడ. కాస్త పేరొచ్చేసరికి పొగరెక్కి ఉంటుంది" అన్నాను. "ఆమె లేకుంటె బ్యాండ్ యాడిది? ఆయన అరుపులు ఎవడింటడు?" అన్నాడు. "ఆయన గర్జన లేకపోతే ఆవిడది జోలపాట!" అన్నాను. పప్పు మాడింది.

మర్నాడూ అదే గొడవ, ఆ మర్నాడూ అదే. పెళ్ళిలో ఆడపెళ్ళివాళ్ళూ మగపెళ్ళివాళ్ళలా నేను గర్జన పక్షం, వాడు గానం పక్షం. చివరికి ఒకనాడు కారులో, ఆవిడ పాడుతుండగానే, "ఒకరు పోతే ఇంకొకరొస్తారు. ఎవరు లేకపోయినా ఎవరి పనీ ఆగదు మామా" అన్నాను. నేనన్నది ఆవిడ గురించే. వాడు మాత్రం నా వంక తిరిగి, "గంతేనా?" అన్నాడు. అప్పటికే వాడికి దేశానికి ఆ కొసనున్న ఫ్రీమాంట్‌లో ప్రాజెక్ట్ వచ్చిందనీ, నా కోసం దాన్ని వదిలేసుకోవాలా అని వాడు లోలోపల కొట్టుకుంటున్నాడనీ తరవాత ఎవరో చెబితే గానీ నాకు తెలియలేదు. "గంతే!" అన్నాను వాడి భాషలోనే, వెటకారంగా.

మర్నాడు వాడు, "నేను ఫ్రీమాంట్ మూవ్ అవుతున్న. మీ సామాన్లేవో చూస్కోండి" అన్నాడు. మామా అన్న నోటితో చూస్కోండి! స్నేహితుల మధ్య తెలుగులో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. నేను మాత్రం తగ్గుతానా? "మీ ఇష్టమండీ" అన్నాను. పంపకాలు మొదలయ్యాయి. సోఫా నాకు, టీవీ వాడికి, పోపులడబ్బా నాకు. కుక్కరు దగ్గర పేచీ వచ్చింది. కుక్కరు వాళ్ళమ్మ పంపింది. దాని విజిల్ పోతే, కొత్తది ఇండియా నుంచి తెచ్చింది నేను. న్యాయం న్యాయమే కదా! వాడు విజిల్ లేని కుక్కరు కారులో పెట్టుకున్నాడు, నేను కుక్కరు లేని విజిల్ గుప్పిట్లో పట్టుకుని కిటికీ దగ్గర నుంచున్నాను. కారు మలుపు తిరిగేదాకా ఆవిడ పాట వినపడుతూనే ఉంది. వెళ్ళొద్దు మామా అని ఒక్క కేక వేస్తే వాడికీ వినపడేదే. ఊరంతా వినపడేలా గర్జించడం నేర్చుకున్నవాణ్ణి, ఆ కేక మాత్రం వెయ్యలేకపోయాను.

తరవాత పెళ్ళయింది, ఇల్లు కొన్నాను, రాష్ట్రం కూడా విడిపోయింది. ఆ మరుసటేడు ఒక ఆదివారం కంప్యూటర్‌లో చూద్దును కదా, నార్వేవాళ్ళు రాజీపడిపోయారు! సొంతూళ్ళో, ఒక్క సాయంత్రం కోసం, ఆవిడ మళ్ళీ వాళ్ళతో పాడింది. ఆయనకి జుట్టు ఊడి పొట్ట వచ్చింది, ఆవిడకి కళ్ళజోడు వచ్చింది. మధ్యలో ఆయన మాట మరిచిపోతే ఆవిడ నవ్వుతూ అందించింది. నాకు కళ్ళు తడిశాయి. సరిగ్గా అప్పుడే వంటింటి సొరుగు సర్దుతున్న మా ఆవిడ విజిల్ పట్టుకొచ్చి, "ఏ కుక్కరుకీ పట్టని దీన్నెందుకు దాచారండీ? అయ్యో, ఆ ఏడుపేంటి?" అంది. కథంతా చెప్పాల్సి వచ్చింది. "మీరెలాగూ చెయ్యరు, నంబరివ్వండి" అని తనే ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, పేరూ వరసా చెప్పుకుని, "అన్నయ్యగారూ, మీ కుక్కరు విజిల్ మా ఇంట్లో ఉందండీ" అంది.

అవతల నుంచి వాడు, "కుక్కర్ ఎప్పుడో పారేసిన చెల్లెమ్మా. విజిల్ లేకుంటె ఏం చేసుకుంటం?" అని నవ్వాడు. నవ్వేం మారలేదు. మా ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టింది. గొంతుదాకా 'మామా' వచ్చింది. "బాగున్నారా?" అన్నాను. "బాగున్నం. మీరు?" అన్నాడు. ఫ్రీమాంట్‌లో ఇళ్ళ రేట్ల గురించీ, పిల్లల స్కూళ్ళ గురించీ, ఎండల గురించీ మాట్లాడుకున్నాం. నార్వే ఊసు ఎవరమూ ఎత్తలేదు. "మరి ఉంటానండీ" అన్నాను. "మంచిదండీ" అన్నాడు.

"ఇంతేనా? ఇన్నేళ్ళ తరవాత ఎండల గురించా?" అంది మా ఆవిడ. విజిల్ తీసుకెళ్ళి మళ్ళీ సొరుగులో పెట్టింది, పారేస్తానని మాత్రం అనలేదు. నాకు మాత్రం, పోపు గరిటె చేత్తో పట్టుకుని నార్వేకి న్యాయం చెబుతున్న ఆ తెనాలి కుర్రాడు ఇప్పుడు కనపడితే చెవి మెలిపెట్టి చెప్పాలనుంది. ఒరేయ్, వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. నువ్వు ముందు ఆ పప్పు మాడకుండా చూడు, మామకి ఆకలేస్తోంది.