ఇంట్లో తెలుగు, గిరాకీతో మరాఠీ

మా బాపుకు నాందేడ్‌లో బట్టల దుకాణం ఉండేది. గిరాకీలతో మరాఠీ, ఇంట్లోవాళ్లతో తెలుగు. ఈ పద్ధతి ఆయన ఎన్నడూ తప్పలేదు. మతిమరుపు జబ్బు మొదలయ్యాక ముందు నా పేరు పోయింది, తర్వాత ఇంటి దారి, ఆ పైన చొక్కా గుండీలు పెట్టుకోవడం. అయినా నన్ను చూడగానే "ఎప్పుడచ్చినవ్ బిడ్డా?" అనేవాడు. ఆ ఒక్క మాట కోసమే బస్సెక్కి వెళ్లేదాన్ని.

మొన్న వెళ్తే నాకు చేతులు జోడించి, "యా తాయీ, బసా. కాయ్ దాఖవూ?" అన్నాడు. రండమ్మా, కూర్చోండి, ఏం చూపించమంటారని! నాకు ఒళ్లు మండింది.

"తెలుగుల మాట్లాడు బాపూ!" అని కసిరాను.

ఆయన బెదిరిపోయాడు. మంచం మీది దుప్పటి తీసి, చీర పరిచినట్టు నా ముందు పరిచి, అంచు నిమిరాడు. నేను కింద కూర్చుని, ఇంకోటి చూపించమని మరాఠీలోనే అడిగాను.