తనిఖీ కోసం కోయకుండా ఆపిన వంకాయలు

1961 జూన్‌లో నన్ను పెనుకొండ బ్లాకుకు వ్యవసాయ విస్తరణాధికారిగా వేశారు. పేరు పెద్దదే గానీ బి.డి.ఓ. కింద ఉద్యోగం, సైకిలు మీద తిరుగుడు. బావి ఉన్న యువ రైతుల చేత కూరగాయలు పండించి, ఆ పొలాన్ని పదిమందికి చూపించాలని పైనుంచి ఉత్తర్వు. అలాంటి పొలాన్ని ప్రదర్శన క్షేత్రం అనేవాళ్లం. విత్తనం, ఎరువు, మందు కొట్టే మిషను ఆఫీసు ఇస్తుంది. నేల, కష్టం రైతువి.

నేను ఎంచుకున్నది ఓబులేసును. ఇరవై ఏళ్లవాడు. ఎద్దులతో కపిలె తోలి నీళ్లు తోడే బావి కింద అతని చేత అరెకరా వంగ పెట్టించాను. వాళ్ల నాయన వేరుశనగ మనిషి. కూరగాయలంటే ఆడవాళ్ల పెరటి పని అని ఆయన నమ్మకం. ఈ ఒక్క పంట చూస్తాననీ, తప్పితే కొడుకును బెంగుళూరు మిల్లుకు పంపుతాననీ నా ముఖానే చెప్పాడు. ఓబులేసుకు ఊరు వదలడం ఇష్టం లేదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు. రెండు రోజులకోసారి పోయి ఆకులు తిరగేసి చూసేవాణ్ణి.

కాపు విరగబడి వచ్చింది. తొలి కోత హిందూపురం సంతకు పంపుదామని ఓబులేసు గంపలు కూడా తెచ్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే జిల్లా అధికారి తనిఖీకి వస్తారని కబురొచ్చింది. చెట్టు నిండా కాయలుంటేనే కదా మాకు పేరు! ఆయన చూసేదాకా కోయొద్దన్నాను.

సంత దాటిపోయింది. ఆయన రాలేదు; ఏదో మీటింగట. వచ్చే వారం ఖాయమన్నారు.

"సార్, కాయ ముదిరిపోతాండాది. సగమన్నా కోసుకుంటా," అన్నాడు ఓబులేసు.

ఇంకొక్క వారం ఓపిక పట్టమన్నాను. గట్టు మీద కూర్చున్న వాళ్ల అవ్వ ఊరుకోలేదు. "ఏమప్పా, ఈ కాయలు తినేదానికి కాసినాయా, చూసేదానికి కాసినాయా?" అంది. నవ్వేసి తప్పించుకున్నాను. కాయ కోయకుండా వదిలితే వంగ కొత్త పూత ఆపేస్తుందని నేను కాలేజీలో చదివిందే. ఆ వారమంతా ఆఫీసులో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కోత ఆగదని పైకి ఒక్క ముక్క రాయడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

రెండో సంతా పోయింది. మర్నాడు జీపు వచ్చింది. అధికారి గట్టు మీదే నిలబడి భేష్ అన్నారు, ఓబులేసును చెట్ల మధ్య నిలబెట్టి ఫొటో తీయించారు, పది నిమిషాల్లో వెళ్లిపోయారు.

మూడో సంతకు ఓబులేసుతో, గంపలతో పాటు నేనూ రైలెక్కాను. బేరగాడు ఒక కాయ విరిచి చూశాడు. లోపలంతా గట్టి గింజలు. "విత్తనానికి పెట్టుకోండప్పా," అని గంపలో పడేశాడు. ఓబులేసు నా వైపు చూడలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది, అంత సిగ్గేసింది.

ఆ తర్వాత పూత సరిగా రాలేదు. తప్పు నాదేనని వాళ్ల నాయనకు చెప్పుకున్నాను. "తప్పు ఎవురిదైతేనేమి సారూ, పంట పాయె గదా," అన్నాడాయన. మాట మీద నిలబడ్డాడు.

బెంగుళూరు పోయే రోజు ఓబులేసు ఆఫీసుకొచ్చాడు. మందు కొట్టే మిషను రిజిస్టరులో అతని పేరున ఉంది మరి. "కడిగినాను సార్, చూసుకోండి," అని బల్ల పక్కన పెట్టి స్టేషనుకు పోయాడు.

ఆ ఏడాది నివేదికలో అతని ఫొటో అచ్చయింది. కింద 'ఆదర్శ యువ రైతు' అని వేశారు. అప్పటికి అతను మిల్లులో ఉన్నాడు.

తర్వాత ధర్మవరం వైపు పనిచేసినప్పుడు ముందు సంత రోజు కనుక్కుని, ప్రతి సంతకూ లేత కాయ అందేలా వారానికి కొన్ని సాళ్ల చొప్పున నారు నాటించేవాణ్ణి. తనిఖీకి కాయ కోసిన చెట్లనే చూపించి ఒకసారి మెమో కూడా అందుకున్నాను. కూరగాయల కోతకు రోజు పెట్టాల్సింది సంత, ఆఫీసు కాదు. ఆ సంగతి అవ్వ గట్టు మీదే చెప్పింది. నేను వినలేదు.